పాత ల్యాప్‌టాపును ఇచ్చివేయుటకు ముందు

గ్రామ పంచాయతీ కార్యాలయములలో కంప్యూటరు నేడు కొత్త వస్తువు కాదు. ఇంటిపన్ను జాబితాలు, జనన మరణముల వివరములు, ఉపాధి హామీ పనుల ఫోటోలు, గ్రామసభ తీర్మానముల నకళ్లు, పై అధికారులకు వ్రాసిన ఉత్తరములు అన్నియు దానిలోనే తయారగుచున్నవి. కొన్ని సంవత్సరములు పనిచేసిన పిమ్మట ఆ యంత్రము ముసలిదగును. తెర మసకబారును, బ్యాటరీ నిలువదు, ఒకనాడు మీట నొక్కినను మేల్కొనదు. అప్పుడు దానిని ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చును. బడిపిల్లలకు ఇచ్చివేయుదమని ఒకరు, పాత సామానుల వానికి అమ్మివేయుదమని ఇంకొకరు, బీరువా మీద ఉండనిమ్మని వేరొకరు అందురు.

ఇటీవల ఈ ప్రశ్న మరింత ముందుకు వచ్చినది. చాల ల్యాప్‌టాపులను నడిపించుచున్న విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతి విండోస్ 11ను స్వీకరించుటకు తగిన శక్తి పాత యంత్రములు అన్నింటికిని లేదు. కావున కార్యాలయములలోను, ఇండ్లలోను పనిచేయుచున్న యంత్రములు సైతము మూలకు చేరుచున్నవి, లేదా చేతులు మారుచున్నవి.

ఈ సందర్భమున పంచాయతీ సభ్యులకు మేము చెప్పదలచినది ఒక్కటే. యంత్రమును ఇచ్చుట వేరు, అందలి సమాచారమును ఇచ్చుట వేరు. మొదట కావలసిన సమాచారమును బయటకు తీసి భద్రపరచవలెను. తరువాత యంత్రములో మిగిలినదానిని పూర్తిగా తుడిచివేయవలెను. ఆ తరువాతనే యంత్రము చేయి మారవలెను. ఈ వరుస తప్పినచో నష్టపోవువారు, పంచాయతీని నమ్మి తమ వివరములను అప్పగించిన ప్రజలు.

గ్రామము నగరమైనను రికార్డు నిలువవలెను

హైదరాబాదునకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారములు ఒకప్పుడు గ్రామములే. నేడు ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియము ఉన్నది, మెట్రో రైలు ఉన్నది. నాచారములో పారిశ్రామికవాడ ఉన్నది. ఈ ప్రాంతములోని ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలక సంఘములు 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు అందులో విలీనమైనవి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఉప్పల్ రంగారెడ్డి జిల్లా నుండి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనికి వచ్చినది. పాలన చేయు సంస్థ మారినది, జిల్లా మారినది, కార్యాలయములు మారినవి. కాని అచ్చట పుట్టిన బిడ్డ పుట్టిన తేదీ మారలేదు. అచ్చట ఇల్లు కట్టుకొన్నవాని హక్కు మారలేదు. వారు తమ కాగితము కొరకు ఎప్పుడు వచ్చినను దానిని చూపగల కార్యాలయము ఉండవలెను.

జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. దానికి 2023లో చేసిన సవరణ ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీ నాడు గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకు, ఓటర్ల జాబితాలో పేరు నమోదునకు, డ్రైవింగు లైసెన్సునకు పుట్టిన తేదీని, పుట్టిన చోటును రుజువు చేయునది జనన ధృవీకరణ పత్రమే. కావున రికార్డులో ఒక్క పంక్తి పోయినను ఒక కుటుంబమునకు ఎంత ఇబ్బందియో సభ్యులు ఊహింపగలరు.

నాచారమునకు సమీపముననే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ ఉన్నది. 1967 ఏప్రిల్‌లో స్థాపింపబడిన ఈ సంస్థకు తొలి సారథి డాక్టర్ ఎ. ఎస్. రావు. ఆ చుట్టుపట్ల ఒక కాలనీ నేటికిని ఆయన పేరు మీదనే ఉన్నది. టీడీసీ అను పేరుతో స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసి దేశమునకు అందించినది ఈ సంస్థయే. వాటిలో మొదటిదైన టీడీసీ–12 1969 నాటిది. ఆనాడు దేశమునకు గర్వకారణమైన ఆ యంత్రము నేడు చరిత్రలోని వస్తువు. దానివలె నేటి యంత్రములును రేపటికి పాతబడును.

మన రిజిస్ట్రేషను శాఖ చరిత్రయు ఇదే చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో ‘కార్డ్’ అను పథకము ప్రారంభమై, 200కు మించిన సబ్ రిజిస్ట్రారు కార్యాలయములలో దస్తావేజుల పని కంప్యూటర్లకు ఎక్కినది. ఆ కాలపు యంత్రములు ఎన్నడో మూలపడినవి. ఆనాడు వ్రాసికొన్న దస్తావేజుల అవసరము మాత్రము తీరలేదు. భూమి చేయి మారినప్పుడెల్ల వాటిని చూడవలసియే ఉన్నది. యంత్రము ఆయుర్దాయము పది పదునైదేండ్లు. రికార్డు ఆయుర్దాయము తరములు. కావున రికార్డును యంత్రమునుండి యంత్రమునకు దాటించుచు పోవుట మన కర్తవ్యము.

కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన ఇ–గ్రామ్ స్వరాజ్ వంటి వ్యవస్థలలో పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు దూరముననున్న పెద్ద కంప్యూటర్లలో భద్రముగా నిలుచును. అయినను ఆ లెక్కలను తయారుచేయుటకు వ్రాసికొన్న చిట్టాలు, ప్రజల వినతిపత్రముల నకళ్లు, పనులకు ముందు వెనుక తీసిన ఫోటోలు పెక్కు చోట్ల కార్యాలయపు ల్యాప్‌టాపులో మాత్రమే ఉండును. అంతయు పై కంప్యూటర్లలో ఉన్నది కదా యని ధీమాతో యంత్రమును వదలుకొనరాదు.

సమాచారము ఎచ్చట నిలుచును?

ల్యాప్‌టాపులో తెర, మీటల పలక, బ్యాటరీ మొదలగునవి ఎన్ని యున్నను సమాచారము నిలుచు చోటు ఒక్కటే. పాత యంత్రములలో దానిని హార్డ్ డిస్క్ అందురు. అరచేతిలో ఇముడు లోహపు పెట్టెలో అద్దమువలె మెరయు పలకలు గిర్రున తిరుగుచుండును. వాటిమీద పలుచని అయస్కాంత పూత యుండును. ఆ పూతలోని సూక్ష్మ భాగములను ఒక దిశకో, ఎదురు దిశకో అయస్కాంతీకరించుటయే వ్రాత. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన మొదటి డిస్క్ యంత్రములో 24 అంగుళముల పలకలు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను నిలుపుకొనెడివి. నేటి ల్యాప్‌టాపు డిస్క్ వెడల్పు రెండున్నర అంగుళములు మాత్రమే; పట్టునది దానికి లక్ష రెట్లు, అంతకు మించియు.

అయస్కాంతపు వ్రాత విద్యుత్తు ఆగినంతనే పోవునది కాదు. కావున ల్యాప్‌టాపు మేల్కొననంత మాత్రమున అందలి సమాచారము నశించినదని అనుకొనరాదు. ఇల్లు కూలినను నేలలోని లంకెబిందెలు చెడవు కదా. తెర పగిలినను, బ్యాటరీ ఉబ్బినను, విద్యుత్తునందించు భాగము కాలినను డిస్క్ సురక్షితముగా ఉండవచ్చును.

దీనికి ప్రపంచమెరిగిన నిదర్శనము ఒకటి కలదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగి వచ్చుచు ఆకాశముననే ముక్కలైనది. మన దేశమున పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించిరి. ఆ శిథిలములలో ఒక హార్డ్ డిస్క్ ఎండిన చెరువు అడుగున కొన్ని నెలల తరువాత దొరికినది. పైభాగము కాలి, కరిగి యున్నను నిపుణులు దానిలోని సమాచారమును సుమారు 99 శాతము వెలికి తీసిరి. ఆ ప్రయోగ ఫలితములు 2008లో ప్రచురితమైనవి. ఆకాశమునుండి పడినను, మంటలో కాలినను చెడని వ్రాత, ‘చెడిపోయిన యంత్రమే కదా’ యని మనము పారవేసిన డిస్క్‌లో మాత్రము చెడునా? ఇది మనకు ఒక ఆశయు, ఒక హెచ్చరికయు.

తొలగించుట వేరు, తుడిచివేయుట వేరు

కంప్యూటరులో ఒక ఫైలును తొలగించినచో అది మొదట తెరమీది చెత్తబుట్టలోనికి పోవును. చెత్తబుట్టను ఖాళీ చేసినచో ఫైలు పూర్తిగా పోయినదని చాలమంది తలంతురు. అది నిజము కాదు. మన పహాణీతో పోల్చి చూచినచో సంగతి తెలియును. పహాణీలో ఒక రైతు పేరును కొట్టివేసినంత మాత్రమున పొలములోని పంట మాయమగునా? పంట అచ్చటనే నిలిచియుండును. మరియొకరు వచ్చి దున్ని, విత్తినప్పుడే పాత పంట ఆనవాళ్లు పోవును. కంప్యూటరులోను ఇంతే. తొలగించుట యనగా సూచికలో ఆ ఫైలు పేరును కొట్టివేసి, ‘ఈ చోటు ఖాళీ’ యని వ్రాసికొనుట మాత్రమే. ఆ చోట కొత్త వ్రాత పడువరకు పాత వ్రాత అటులే ఉండును.

ఫార్మాట్ చేసితిమి కదా యని కొందరు నిశ్చింతగా నుందురు. త్వరగా ముగియు ఫార్మాట్ పహాణీ పుస్తకమును మార్చుట వంటిది, పొలమును దున్నదు. విండోస్ ఎక్స్‌పీ, అంతకు పూర్వపు వ్యవస్థలలో పూర్తి ఫార్మాట్ అను దానిలోను డిస్క్‌లో చెడు చోట్లను వెదకుటయే గాని పాత వ్రాతమీద కొత్త వ్రాత వ్రాయుట లేదు. విండోస్ విస్టా నుండి మాత్రమే పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతట సున్నలు వ్రాయుట మొదలుపెట్టినది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు బజారులో 158 పాత హార్డ్ డిస్క్‌లను కొని పరీక్షించి, 2003లో ఫలితములను ప్రకటించిరి. వాటిలో పనిచేయునవి 129. ఆ 129లో సరిగా తుడిచివేయబడినవి 12 మాత్రమే. మిగిలినవానిలో వేలకొలది క్రెడిట్ కార్డుల సంఖ్యలు, ఉత్తరములు, వైద్య సంబంధమైన వివరములు లభించినవి. అమ్మినవారు తమ చేతినుండి ఒక పాత వస్తువు పోయినదనుకొనిరి. నిజమునకు పోయినవి వారి రహస్యములు, వారిని నమ్మిన ఇతరుల రహస్యములు.

పంచాయతీ ల్యాప్‌టాపులో ఉండు వాటిని తలచుకొనుడు. ఆధార్ కార్డుల నకళ్లు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, పింఛను పొందు వృద్ధుల, వితంతువుల, వికలాంగుల జాబితాలు, ఫోను సంఖ్యలు. ఖాతా వివరములు చేజిక్కించుకొని ఫోనులో మోసగించు దొంగలున్న ఈ రోజులలో ఇట్టి జాబితా ఒకటి చాలును, ఒక ఊరి వృద్ధుల పింఛను సొమ్మునకు ముప్పు రాగలదు. పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, దశలవారీగా అమలగును. ప్రజల వివరములను సేకరించినవారే వాటిని కాపాడవలెనని, అవసరము తీరిన పిమ్మట తొలగింపవలెనని ఆ చట్టము సారాంశము.

చెడిన యంత్రమునుండి సమాచారమును తీయుట

మొదటి పని కావలసిన సమాచారమును బయటకు తీయుట. యంత్రము పనిచేయుచున్నచో ఇది సులభము. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనికో, బయటి హార్డ్ డిస్క్‌లోనికో నకలు చేసి, కొత్త కంప్యూటరులో తెరచి చూడవలెను. నకలు అయినదనుకొని తెరచి చూడకయే పాతదానిని తుడిచివేయుట కూడదు.

యంత్రము మేల్కొననిచో మొదట కారణము వెదకవలెను. చార్జరు చెడినదేమో వేరొక చార్జరుతో చూడవచ్చును. తెర మాత్రమే చెడినచో ల్యాప్‌టాపును బయటి తెరకు గాని, ప్రొజెక్టరుకు గాని కలిపి చూడవచ్చును. అదియు ఫలింపనిచో తెలిసిన మెకానిక్ చేత డిస్క్‌ను మాత్రము ఊడదీయింపవలెను. పాత ల్యాప్‌టాపులలోని డిస్క్‌లకు 44 పిన్నుల ఐడీఈ కనెక్టరు ఉండును. 2003 తరువాత సాటా అను రకము వ్యాపించినది. ఈ రెండింటిని యూఎస్‌బీ ద్వారా నేటి కంప్యూటరుకు కలుపు చిన్న అడాప్టర్లు బజారున దొరకును. అడాప్టరు తగిలించినచో పాత డిస్క్ కొత్త కంప్యూటరునకు పెద్ద పెన్‌డ్రైవ్ వలె కనబడును.

ఈ పనిలో మూడు జాగ్రత్తలు ముఖ్యమైనవి. మొదటిది, పాత డిస్క్ మీద కొత్తగా ఏమియు వ్రాయరాదు. పోయిన ఫైళ్లను వెదకు సాధనములను అదే డిస్క్‌లో నెక్కించుట, ‘డిస్క్‌ను సరిచేయుదునా’ యని కంప్యూటరు అడిగినప్పుడు సరేయనుట, దున్నని పొలమును మన చేతులతో దున్నుటయే యగును. రెండవది, మొదట డిస్క్ మొత్తమునకు నకలు తీసి, వెదకులాట అంతయు నకలు మీదనే చేయవలెను. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి ఉచిత సాధనములు తొలగింపబడిన ఫైళ్లను చాల వరకు తిరిగి చూపగలవు. మూడవది, డిస్క్ లోపల టకటక శబ్దము గాని, గీసినట్టి శబ్దము గాని వినబడినచో వెంటనే విద్యుత్తు ఆపివేయవలెను. చదువు ముల్లు పలకను గీయుచున్నదనుటకు అది గుర్తు. తిప్పిన కొలది వ్రాత చెడిపోవును. అట్టి డిస్క్ మూతను ఇంటిలోగాని, దుకాణములోగాని తెరువరాదు. ధూళి సోకని గదిలో నిపుణులు మాత్రమే తెరువదగినది.

‘మొదట నకలు, తరువాత పని’ అను ఈ సూత్రమునే నేర పరిశోధనశాలలును పాటించును. ఉప్పల్‌కు సమీపమున రామంతాపూర్‌లో కేంద్ర ప్రభుత్వపు ఫోరెన్సిక్ ప్రయోగశాల కలదు. అచ్చట 2022 మే 14న జాతీయ సైబర్ ఫోరెన్సిక్ ప్రయోగశాల ప్రారంభమైనది. ఇట్టి ప్రయోగశాలలకు కేసులలో పట్టుబడిన కంప్యూటర్లు, ఫోనులు వచ్చును. అసలు డిస్క్‌ను మార్పు లేకుండ నకలు తీసి, రెండును ఒక్కటేయని రుజువు చేయుటకు ‘హ్యాష్’ అను సంఖ్యను లెక్కించుట అచ్చటి పద్ధతి. సమాచారములో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము ఎలక్ట్రానిక్ రికార్డును న్యాయస్థానమున చూపునప్పుడు ఇచ్చు ధృవపత్రములో ఈ సంఖ్యయు ఉండవలెను.

ఇందుండి పంచాయతీ గ్రహింపవలసిన విషయము మరియొకటి కలదు. ఏదైన విచారణ, ఆడిటు అభ్యంతరము, న్యాయస్థానపు వివాదము నడచుచున్నప్పుడు ఆ వ్యవహారమునకు సంబంధించిన యంత్రమును తుడిచివేయరాదు, ఎవరికిని ఇవ్వరాదు. మంచి ఉద్దేశముతో చేసినను అది సాక్ష్యమును మాపినట్లగును.

ఫైలు దొరికినను అక్షరములు కనబడనిచో

తెలుగు రికార్డులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. పాత డిస్క్‌నుండి ఫైలు భద్రముగా వచ్చును; తెరచి చూచినచో తెలుగు కనబడదు, అర్థము లేని ఆంగ్లాక్షరములు, గుర్తులు కనబడును. ఫైలు చెడిపోయినదని దానిని పారవేయుదురు. అది చెడలేదు.

ప్రపంచ భాషలన్నింటికిని ఒకే పద్ధతిలో సంకేతసంఖ్యలిచ్చు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పునుండియే తెలుగునకు స్థానము ఉన్నది. కాని కంప్యూటర్లలో అది వాడుకకు వచ్చుటకు చాల కాలము పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అను యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చినది. అంతకు ముందును, ఆ తరువాత చాల ఏండ్లును మన ప్రెస్సులలో, కార్యాలయములలో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తెలుగును టైపు చేసిరి. ఆ పద్ధతిలో కంప్యూటరు దాచుకొన్నది తెలుగు అక్షరము కాదు. ఆంగ్లాక్షరముల చోటులలో నిలిపిన తెలుగు ముక్కలు. ఆ ఫాంటు ఉన్నంత వరకు తెర మీద తెలుగు కనబడును. అది లేని కొత్త కంప్యూటరులో ముసుగు తొలగి ఆంగ్లాక్షరములు బయటపడును.

దీనికి పరిష్కారము కలదు. ఏ ఫాంటుతో టైపు చేసిరో తెలిసికొని, ఆ పాత వ్రాతను యూనికోడ్‌లోనికి మార్చు సాధనములతో మార్పించవలెను. ఒత్తులు, వట్రసుడులు అచ్చటచ్చట తప్పుగా పడవచ్చును; ఇంటిపేర్లు, గ్రామనామములు, సర్వే నంబర్లను తెలిసినవారు ఒకసారి చదివి సరిచూడవలెను. పాత ల్యాప్‌టాపు ఇంకను పనిచేయుచున్నప్పుడే ముఖ్యమైన తెలుగు పత్రములను అందులోనుండి పీడీఎఫ్‌గా దాచుటయో, కాగితముమీద ముద్రించుటయో మేలు. పాత యంత్రమును ఇచ్చివేసిన పిమ్మట ఆ ఫాంటు ఏదో చెప్పువారు సైతము దొరకకపోవచ్చును.

తుడిచివేయుట ఎట్లు?

కావలసినది భద్రమైనదని రూఢి చేసికొన్న తరువాత రెండవ పని తుడిచివేయుట. తిరుగు పలకల హార్డ్ డిస్క్ అయినచో దాని మొదటినుండి చివరి వరకు సున్నలు వ్రాయు సాధనముతో ఒకసారి పూర్తిగా వ్రాయించిన చాలును. డిస్క్ పరిమాణమును బట్టి దీనికి కొన్ని గంటలు పట్టును. త్వరపడి మధ్యలో ఆపరాదు.

కొత్త రకపు ల్యాప్‌టాపులలో పలకలు లేని ఎస్ఎస్‌డీ అను నిల్వసాధనము ఉండును. ఇది తన గళ్లు సమముగా అరుగుటకై వ్రాతను ఒక చోటినుండి మరియొక చోటికి తానే మార్చుకొనుచుండును. కావున పైనుండి సున్నలు వ్రాసినను లోపలి కొన్ని గళ్లలో పాత వ్రాత మిగులవచ్చును. దీనికి తయారీదారు ఇచ్చిన ‘సెక్యూర్ ఎరేజ్’ అను ఆజ్ఞను వాడవలెను. ఎస్ఎస్‌డీలో తొలగించిన ఫైలును తిరిగి పొందుట తరచు అసాధ్యము. విద్యుత్తు లేక ఏండ్ల తరబడి పడియున్నచో అది తన వ్రాతను మరచిపోవు ప్రమాదమును కలదు. కావున ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాపును బీరువాలో పెట్టి, రికార్డు భద్రముగా ఉన్నదని నమ్మరాదు.

డిస్క్ చెడిపోయి సున్నలు వ్రాయుటకు వీలు లేనిచో దానిని యంత్రమునుండి వేరు చేసి భౌతికముగా నాశనము చేయింపవలెను. బయటి పెట్టెకు రెండు సుత్తిదెబ్బలు సరిపోవు; లోపలి పలకలు ముక్కలు కావలెను. పాఠశాలకు ఇచ్చు యంత్రమునకు వేరొక చిన్న డిస్క్ కొని అమర్చుట అన్నింటికంటె సులభమైన మార్గము. పాత డిస్క్ కార్యాలయముననే నిలుచును, యంత్రము పిల్లలకు ఉపయోగపడును. పాత యంత్రములలో తేలికగా నడచు ఉచితమైన లినక్స్ వ్యవస్థలు కలవు. టైపు నేర్చుకొనుటకు, చదువుటకు, లెక్కలు వేయుటకు అవి చాలును.

యంత్రము బయటినుండి మన గ్రామమునకు వచ్చునప్పుడును ఈ మాటలే వర్తించును. ఉప్పల్‌లోనో, నాచారములోనో ఉద్యోగము చేయు మన ఊరివాడొకడు తన పాత ల్యాప్‌టాపును గ్రామ పాఠశాలకు బహూకరించెననుకొందము. అతని మనసు మంచిది. కాని అందులో అతని కుటుంబపు ఫోటోలు, బ్యాంకు కాగితములు, అతని కార్యాలయపు ఉత్తరములు మిగిలియుండవచ్చును. స్వీకరించువారు దానిని తెరచి చూచుటకు ముందే, ‘అయ్యా, నీకు కావలసినవి తీసికొంటివా? తుడిచితివా?’ యని అడుగుట మర్యాద. యజమాని పాస్‌వర్డుగాని, తాళపుసంఖ్యగాని పెట్టి డిస్క్‌ను గూఢలిపిలోనికి మార్చియున్నచో, ఆ సంఖ్య లేనిదే తరువాత అతనికైనను తన ఫైళ్లు దక్కవు. ఆ సంగతియు ముందే చూచుకొనవలెను.

పనికిరానిది ఎవరికి?

బాగుచేయుటకు వీలులేని యంత్రమును పాత ఇనుము వానికి తూకమునకు అమ్మరాదు, చెత్తకుప్పలో వేయరాదు, కాల్చరాదు. పాత సర్క్యూట్ పలకలలోని టంకములో సీసము ఉండును. తీగల తొడుగులను కాల్చినచో విషవాయువులు వెలువడును. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చినచో మంటలు లేచును. 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నవి. వాటి ప్రకారము ఇట్టి వస్తువులు రిజిస్టరైన రీసైక్లర్లకే చేరవలెను.

ఈ వ్యర్థములు వట్టి చెత్త కావు. నాచారమునకు దగ్గరలోని చర్లపల్లిలో సీ–మెట్ అను కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ యొక్క హైదరాబాదు శాఖ కలదు. సర్క్యూట్ పలకలనుండి రాగి, వెండి, బంగారము వంటి లోహములను సురక్షితముగా వేరుచేయు పద్ధతులపై అది కృషి చేసినది. మనము గోతిలో పారవేయునది సరియైన చోటికి చేరినచో దేశమునకు లోహమగును. చేరనిచో మన చెరువు నీటికి విషమగును.

పంచాయతీ నిర్ణయింపవలసినవి

ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. ఒక పద్ధతి కావలెను. పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చించి కొన్ని ఏర్పాట్లు చేసికొనుట మంచిది. కార్యాలయమునకు చెందిన ప్రతి కంప్యూటరు, బయటి డిస్క్, పెన్‌డ్రైవ్ స్టాకు రిజిస్టరులో ఉండవలెను. ముఖ్యమైన ఫైళ్లకు రెండు నకళ్లు ఎల్లప్పుడు వేరువేరు చోట్ల ఉండవలెను. ఒకటి ఇదే భవనములో ఉన్నచో రెండవది వేరొక భవనములో ఉండుట మేలు. సంవత్సరమునకు ఒకసారియైనను ఆ నకళ్లను తెరచి చూడవలెను. కార్యదర్శి బదిలీ అయినప్పుడు కాగితపు రిజిస్టర్లతో పాటు ఫైళ్లను, పాస్‌వర్డులను కూడ జాబితా వ్రాసి అప్పగింపవలెను.

యంత్రము ప్రభుత్వ ఆస్తి కావున నిబంధనల ప్రకారము అనుమతి, తీర్మానము లేనిదే ఎవరికిని ఇవ్వరాదు. ఇచ్చునాడు ఒక కాగితము మీద నాలుగు మాటలు వ్రాయవలెను. ఏ సమాచారము తీసి ఎచ్చట ఉంచిరి, నకలును తెరచి చూచినవారెవరు, డిస్క్‌ను ఏ విధముగా తుడిచిరి లేక తీసివేసిరి, యంత్రము ఎవరికి చేరినది. క్రింద సర్పంచి, కార్యదర్శి సంతకములు ఉండవలెను. రేపు ఎవరైన ప్రశ్నించినచో ఈ ఒక్క కాగితము సమాధానము చెప్పును.

గ్రామస్థుడు తన ఆధార్ నకలును, బ్యాంకు పుస్తకపు నకలును పంచాయతీ బల్లమీద పెట్టునప్పుడు రసీదు అడుగడు. తన ఊరి కార్యాలయముపై అతనికి గల నమ్మకమే రసీదు. కాగితపు రిజిస్టరును తాళము వేసిన బీరువాలో భద్రపరచిన శ్రద్ధనే ల్యాప్‌టాపు విషయమునను చూపినచో ఆ నమ్మకము నిలుచును. మీ కార్యాలయమున మూలనున్న పాత యంత్రమును ఈ నెలలోనే బయటకు తీయించి, అందులో ఏమున్నదో చూడవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.